పెరటి దారిన ఎక్స్‌రే గదికి

మా మామయ్యకి ఆస్పత్రిలో ఒక పేరుంది. నత్త. పెట్టింది తోటి స్ట్రెచర్ తోసేవాళ్ళే. వార్డు నుంచి ఎక్స్‌రే గదికి నాలుగు నిమిషాల దారి. మిగతావాళ్ళు ఆ నాలుగు నిమిషాల్లో రోగిని తెచ్చి నా గుమ్మంలో వదిలేసి మళ్ళీ పరుగో పరుగు. మామయ్యకి మాత్రం పదకొండు నిమిషాలు పడుతుంది. ఏడేళ్ళుగా పదకొండే. ఎవరైనా నత్త అంటే మొదట్లో నేను మొహం మాడ్చుకునేదాన్ని. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "నత్త కిందపడి కాలు విరగ్గొట్టుకోవడం ఎప్పుడైనా చూశావుటే?" అనేవాడు.

నేను అదే ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. మామయ్య మా అమ్మకి అన్న. ఆయన ఉద్యోగానికి ముప్ఫై ఒక్క యేళ్ళు, నాదానికి తొమ్మిది. ముందే చెప్పేస్తున్నాను, ఆయన గురించి చెప్పేటప్పుడు నేను తక్కెడ పట్టుకుని కూర్చోను. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే, సైకిలు నేర్పించింది ఆయనే, నేను పడ్డప్పుడు పగలబడి నవ్విందీ ఆయనే. అయినా ఇందులో ఉన్నవన్నీ నా కళ్ళతో చూసినవి, నా చేత్తో రిజిస్టర్లో రాసినవి. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. రిజిస్టరు ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఎక్స్‌రే గదికి కిటికీ ఉండదు. గోడలు మందంగా ఉంటాయి, తలుపుకి సీసపు రేకు ఉంటుంది, లోపల యంత్రం సన్నగా గుంయ్ మంటూ ఉంటుంది. అక్కడికి వచ్చే మనిషి అప్పటికే సగం చచ్చి ఉంటాడు, రోగంతో కాదు, భయంతో. ఛాతీ ఎక్స్‌రే తీయాలంటే వాళ్ళు చేయాల్సింది ఒకటే పని. నేను గాలి పీల్చమన్నప్పుడు గుండెల నిండా పీల్చాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. వినడానికి ఇంతే. భయపడ్డ మనిషికి ఇంతకన్నా కష్టమైన పని లేదు. పైపైన పీలుస్తారు, ఆపమంటే వదిలేస్తారు, వదలమంటే పీలుస్తారు. బొమ్మ చెదిరిపోతుంది. అప్పుడు మళ్ళీ తీయాలి. దాన్ని మేం రిపీట్ అంటాం. రిపీట్ అంటే ఆ మనిషి ఒంట్లోకి అక్కర్లేని కిరణాలు ఇంకోసారి పంపడం. అందుకే దానికో రిజిస్టరు ఉంటుంది. వచ్చిన ప్రతి రోగికీ, తోసుకొచ్చినవాళ్ళ సంతకం, టైము, మళ్ళీ తీయాల్సి వస్తే ఎందుకో కారణం, అన్నీ రాయాలి.

మామయ్య దారి ఎలా మారిందో చెబుతాను. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున వార్డుకీ మాకూ మధ్యనున్న వరండాలో నీళ్ళ గొట్టం పగిలింది. అది పేరుకి వరండాయే గాని గుహ. రెండు వైపులా గోడలు, పైన ట్యూబులైట్లు, ఫినాయిలు వాసన. మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆ వేళ మామయ్య బండి మీద ఒక ముసలావిడ ఉంది. వెనక్కి తీసుకెళ్ళలేక, పక్కనున్న ఇనప తలుపు తోసి, ఆస్పత్రి వెనకాల పెరట్లోంచి చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు.

ఆ పెరడేమీ ఉద్యానవనం కాదు. ఒక మూల విరిగిన మంచాలు, ఇంకో మూల ఉతికిన దుప్పట్లు ఆరేసే తీగలు. మధ్యలో ఎవరూ నాటకుండానే పెరిగిన గడ్డి, ఒక పెద్ద జామచెట్టు, గోడ వారగా రెండు నేరేడు చెట్లు. జామచెట్టు మీద ఉడతలు ఎప్పుడూ ఏదో ఆస్తి తగాదాలో ఉంటాయి. ఎప్పుడో వేసిన సిమెంటు బాట ఉంది కాబట్టి బండి చక్రాలు వెళ్తాయి. అంతే.

ఆ ముసలావిడ ఆ వేళ నా గదిలోకి వచ్చి, నేను చెప్పకముందే గట్టిగా ఊపిరి పీల్చి, "దుప్పట్లు ఎంత బాగా ఆరుతున్నాయమ్మా ఇక్కడ!" అంది. ఒక్కసారికే బొమ్మ అద్దంలా వచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. మామయ్య పట్టించుకున్నాడు.

గొట్టం బాగు చేశాక కూడా ఆయన పెరటి దారి వదల్లేదు. ఎందుకని నేను అడిగితే నన్ను ఖాళీ స్ట్రెచర్ మీద పడుకోమన్నాడు.

"పడుకోవే. మాట్లాడకు. పైకి చూడు."

వరండాలో తోసుకెళ్ళాడు. నేను ఆ దారిన రోజుకి పదిసార్లు నడుస్తాను. పడుకుని ఎప్పుడూ వెళ్ళలేదు. పైన ట్యూబులైటు వస్తుంది, పోతుంది, ఇంకోటి వస్తుంది. ఎవరివో గడ్డాలు, ముక్కురంధ్రాలు మన మీదుగా వెళ్ళిపోతాయి. ఎవరూ మన మొహం చూడరు, చేతిలో ఉన్న కాగితం చూస్తారు. సగం దూరం వెళ్ళేసరికి నాకు కళ్ళు తిరిగాయి.

"నలభై ఒకటి ఉన్నాయి లైట్లు. నేను పడుకుని లెక్కపెట్టాను. పడుకున్న మనిషికి పైకప్పే కదే లోకమంతా? ఆ లోకంలో ట్యూబులైట్లు ఎందుకు, చెట్టుంటే పోలా?" అన్నాడు.

ఎప్పుడు ఎలా తోయాలో ఆయనకి తెలుసు. రక్తం కారుతున్నవాళ్ళని, ఆయాసంతో కొట్టుకుంటున్నవాళ్ళని వరండాలోంచే, అందరికన్నా ముందు తెచ్చేవాడు. వాన పడితే వరండాయే. మిగతావాళ్ళని పెరట్లోంచి తెచ్చి, జామచెట్టు కింద బండికి బ్రేకు వేసి, మూడు నిమిషాలు ఆపేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. ధైర్యం చెప్పడం ఆయనకి చేతకాదు, చెప్పబోతే అవతలివాళ్ళకి ఉన్న ధైర్యం కూడా పోతుంది. ఊరికే నిలబడేవాడు.

ఒక వెల్డరుని మరిచిపోలేను. ఆరడుగుల మనిషి, పైనుంచి పడి పక్కటెముకలు చిట్లాయి. మొదటిరోజు వేరేవాళ్ళు వరండాలోంచి తెచ్చారు. గాలి పీల్చమంటే నొప్పి వస్తుందని భయం. పీల్చకుండానే పీల్చానన్నాడు. మూడుసార్లు తీశాను, మూడూ పనికిరాలేదు. చివరికి డాక్టరు రేపు చూద్దామన్నారు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. మర్నాడు మామయ్య తెచ్చాడు. బయట వెల్డరు గొంతు వినిపించింది.

"నవ్వించకు బాబాయ్, నీకు పుణ్యముంటుంది. పక్కటెముకలు కలుక్కుమంటున్నాయి."

"నేనేం నవ్వించానయ్యా? ఉడత నెత్తి మీద జామపిందె వేస్తే నేనేం చేస్తాను?"

ఆ వెల్డరు లోపలికి వచ్చి కుర్చీలో సర్దుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా, లోతుగా ఊపిరి తీసుకున్నాడు. నొప్పికి మొహం ముడుచుకుంది గాని ఆపలేదు. ఒక్కసారే తీశాను. అతన్ని తిరిగి పంపించాక రిజిస్టరు తెరిచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం మానేసి ఏడాది పేజీలు చూశాను. మిగతావాళ్ళు తెచ్చిన వందమందిలో పద్నాలుగు మందికి రిపీట్లు. మామయ్య సంతకం ఉన్న వందమందిలో అయిదుగురికి. తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. అయిదే.

నేను ఆ అంకె అందరికీ చెప్పాను. నోరు ఊరుకోదు కదా. పెద్ద సిస్టరుకి చెప్పాను. ఆవిడ వార్డుల మీద పెత్తనం ఉన్న నర్సు, ఎవర్నీ పొగడదు. "ఊఁ" అని, ఆ రోజు నుంచి నడవలేని రోగుల్లో బాగా భయపడేవాళ్ళని ఏరి మరీ మామయ్య బండి ఎక్కించేది. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

పోయినేడు కొత్త సూపరింటెండెంటు గారు వచ్చారు. చెడ్డమనిషి కాదు. గడియారం మనిషి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో చార్టులు గీయించి గోడలకి అంటించారు. నాలుగు నిమిషాల దారికి పదకొండు నిమిషాలు పడుతున్న మనిషి ఆ చార్టులో ఎలా కనిపిస్తాడో చెప్పక్కర్లేదు. మొదటి మెమో వచ్చింది. మామయ్య దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని పెరటి దారినే వెళ్ళాడు. రెండో మెమో వచ్చింది. దాన్నీ అదే జేబులో పెట్టుకున్నాడు.

నేనే బుద్ధి లేక వెళ్ళి సూపరింటెండెంటు గారికి విషయం చెప్పాను. పచ్చదనం చూస్తే రోగులు కుదుటపడుతున్నారు సార్, అందుకే ఆలస్యం, అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తల ఊపారు. వారం తిరగకుండా పెరటి తలుపుకి తాళం వేయించి, వరండా గోడ పొడవునా అడవి బొమ్మ అంటించారు. నిలువెత్తు చెట్లు, మధ్యలో పెద్ద జలపాతం. పచ్చదనమూ ఉంటుంది, నాలుగు నిమిషాలూ దాటవు. ఆ ఆలోచనకి ఆయన ఎంత మురిసిపోయారో చెప్పలేను. నేనైతే పళ్ళు నూరుకున్నాను. నా నోటితోనే మామయ్య తలుపు మూయించాను.

జలపాతం వల్ల రిపీట్లు తగ్గలేదు గాని ఇంకోటి పెరిగింది. వార్డు నుంచి బయలుదేరిన ప్రతి రెండో మనిషీ సగం దారిలో బాత్రూముకి వెళ్ళాలనడం మొదలుపెట్టాడు. ఒక పెద్దాయన నాతోనే అన్నారు. "అన్ని నీళ్ళు అలా దూకుతుంటే చూస్తూ పడుకోవడం నా వల్ల కాదమ్మా." స్ట్రెచర్లు వెనక్కి తిప్పేవాళ్ళు తిప్పుతుంటే, నాలుగు నిమిషాల దారి కాస్తా పావుగంట పట్టింది. చార్టులో దానికి గడి లేదు.

మామయ్య ఆ రెండు నెలలూ వరండాలోంచే తోశాడు. మనిషి అదే, బండి అదే, మాటలు అవే. దారి ఒక్కటే మారింది. నేను రిజిస్టరు చూశాను. ఆయన వందమందిలో రిపీట్లు అయిదు నుంచి పదమూడుకి ఎక్కాయి. ఒక మధ్యాహ్నం ఎవరో ఒకావిడ కళ్ళు తిరుగుతున్నాయని ఏడిస్తే, ఆయన పనివాళ్ళ దగ్గర తాళంచెవి అడిగి, పెరటి తలుపు తీసి ఆమెని జామచెట్టు కిందికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి మూడో మెమో వచ్చింది. సోమవారం పదింటికి సూపరింటెండెంటు గారి గదికి రావాలి. తగిన కారణం చెప్పలేకపోతే ఆ తలుపుని వెల్డింగ్ చేసి మూసేస్తారు, మామయ్యని నేలమాళిగలో ఉన్న సామాన్ల గదికి మారుస్తారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళు కిటికీ లేని గదిలో, మందుపెట్టెల మధ్య, మనిషి మొహం చూడకుండా.

ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మామయ్య తన యూనిఫాం చొక్కాకి తనే గుండీ కుట్టుకుంటున్నాడు. అత్తయ్య వంటగది గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను బల్ల మీద రిజిస్టరు పరిచి, రేపు ఏం చెప్పాలో, ఏ వరసలో చెప్పాలో నేర్పించడం మొదలుపెట్టాను. మామయ్య అంతా విని, దారం పళ్ళతో కొరికి, నెమ్మదిగా అన్నాడు.

"ఇంకోటుందే. నీకెప్పుడూ చెప్పలేదు."

"ఏంటది?"

"మొదట చెట్టు కింద ఆగింది ఆ ముసలావిడ కోసం కాదు. నా కోసం."

నేను తెల్లబోయాను. అత్తయ్య చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆవిడకి తెలుసునని ఆ మొహం చూస్తే అర్థమైంది.

"ఆ రోజుల్లో నాకు ఊపిరి అందేది కాదు. బీపీ నూటడెబ్భై దాటేది. బండి తోస్తుంటే గుండె గొంతులోకి వచ్చేది. చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఆ వేళ చెట్టు కిందికి రాగానే ఇంక అడుగు పడలేదు. బ్రేకేసి నిలబడ్డాను. ఆవిడ దుప్పట్లు చూస్తోంది, నేను ఊపిరి తీసుకుంటున్నాను. మూడు నిమిషాలకి కుదుటపడ్డాను. మర్నాడూ ఆగాను. అలా అలా రోజుకి పన్నెండుసార్లు. ఆర్నెల్లకి మెట్లు ఎక్కగలిగాను."

"ఇంటికొచ్చి గిన్నెలు విసరడం కూడా మానేశారు" అంది అత్తయ్య. "మందులు వేసుకుంటూనే ఉన్నారనుకో. కానీ నా మొగుణ్ణి నాకు తిరిగి ఇచ్చింది ఆ జామచెట్టే. ఎవరేమన్నా నేనదే అంటాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపమూ వచ్చింది. "మామయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఇది మాత్రం రేపు చెప్పకు. రోగిని ఎండలో నిలబెట్టి నువ్వు విశ్రాంతి తీసుకున్నావని రాస్తారు. మనకున్న బలమంతా రోగులకి మంచి జరిగిందన్నదే. అది నీ చేత్తో నువ్వే పాడుచేసుకోకు."

"సరేలే" అన్నాడు. ఆ సరేలే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చేయనని చెప్పే పద్ధతి అది.

సోమవారం సూపరింటెండెంటు గారి గదిలో నలుగురం. ఆయన బల్ల వెనక, పెద్ద సిస్టరు కుర్చీలో, నేను రిజిస్టరు గుండెలకి హత్తుకుని గోడవార, మామయ్య బల్ల ముందు నిలబడి. మూడు మెమోలూ జేబులోంచి తీసి వరసగా బల్ల మీద పెట్టాడు, పరీక్షలో మార్కుల కాగితాలు పెట్టినట్టు.

"ఎందుకు ఆగుతున్నావు?" అన్నారు ఆయన.

"ముందు నా కోసం ఆగాను సార్" అన్నాడు మామయ్య.

నిన్న చెప్పినదంతా పొల్లు పోకుండా చెప్పాడు. ఊపిరి అందకపోవడం, దాచడం, చెట్టు, మెట్లు, ఇంట్లో గిన్నెలు విసిరినది కూడా. సూపరింటెండెంటు గారు కలం కింద పెట్టి నిలువుగుడ్లు వేసుకుని చూశారు.

"రోగుల కోసం అని చెప్పి ఉంటే సరిపోయేదిగా? ఇది ఎందుకు చెప్పావు?"

"నాకు బాగుందనే కదా సార్, వాళ్ళకీ బాగుంటుందని తోచింది. నేను చదువుకున్నవాణ్ణి కాదు, ఇంకెక్కణ్ణుంచో తెలియలేదు. అది దాచేస్తే మిగతాది చెప్పడానికి నాకు మొహం ఉండదు."

అప్పటిదాకా నేను మామయ్య మీద పళ్ళు నూరుతున్నాను. ఆ మాటతో నా దవడలు వదులయ్యాయి. నేను నేర్పిన పాఠం కన్నా ఆయనది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

పెద్ద సిస్టరు లేచి, సంచీలోంచి బీపీ మిషను తీసి మామయ్య చేతికి కట్టింది. నూట డెబ్భై రెండు.

"ఇంకా తగ్గనే లేదుగా" అన్నారు సూపరింటెండెంటు గారు.

"మీ గదిలో ఎవరిది కొలిచినా ఇంతే ఉంటుంది సార్. నాది కొలవమంటారా?" అంది పెద్ద సిస్టరు. నవ్వలేదు. ఆవిడ నవ్వదు.

సూపరింటెండెంటు గారికి మాత్రం కొంచెం నవ్వు వచ్చినట్టుంది. "సరే, ఎక్కడ కొలవాలంటారు?"

అలా నలుగురం పెరట్లోకి వెళ్ళాం. ఆయనే తాళం తీయించారు. దారిలో ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి కనిపిస్తే పెద్ద సిస్టరు మామయ్యని అందులో కూర్చోమంది. ముప్ఫై ఒక్క యేళ్ళు ఆ కుర్చీలు తోసిన మనిషి ఒక్కసారి కూడా కూర్చోలేదట. కూర్చోవడం రాక అంచు మీద బిగుసుకున్నాడు. నేను తోశాను. జామచెట్టు కింద బ్రేకు వేశాను. రెండు నెలలు బండ్లు తిరగకపోవడంతో గడ్డి చీలమండల దాకా పెరిగింది. దుప్పట్ల మీంచి తడిగాలి వచ్చింది. సూపరింటెండెంటు గారు మొదట గడియారం చూశారు. తరవాత ఉడతని చూశారు. తరవాత చాలాసేపు ఏదీ చూడలేదు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పెద్ద సిస్టరు మళ్ళీ కొలిచింది. నూట నలభై.

"కూర్చుంటే ఎక్కడైనా తగ్గుతుంది" అన్నారు ఆయన. గడియారం మనిషని చెప్పానుగా, తేలిగ్గా ఒప్పుకోరు.

"అయితే జలపాతం దగ్గర కూర్చోబెట్టండి సార్, కాదన్నదెవరు?" అన్నాడు మామయ్య.

కూర్చోబెట్టారు. వరండాలో, ట్యూబులైటు కింద, అదే కుర్చీలో, అన్నే నిమిషాలు. రెండు స్ట్రెచర్లు మమ్మల్ని రాసుకుంటూ పోయాయి, ఎవరో ఎవరినో పేరు పెట్టి అరిచారు, ఒక రోగి బాత్రూము ఎక్కడని మమ్మల్నే అడిగాడు. నూట అరవై ఆరు.

"ఒక్క మనిషిని కొలిస్తే రుజువు కాదు."

"అందుకే ఇది తెచ్చాను సార్" అని రిజిస్టరు ఆయన చేతిలో పెట్టాను. తలుపు తెరిచి ఉన్న ఏడేళ్ళు, మూసి ఉన్న రెండు నెలలు, రెండింటికీ ఎర్ర సిరాతో గీత గీసి ఉంచాను. ఆయన అక్కడే, వరండాలోనే నిలబడి పేజీలు తిప్పారు. మామయ్య సంతకాల వరస మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయారు. ఎంతసేపు చూశారో నాకు తెలియదు. ఈసారి ఆయన గడియారం చూడలేదు.

"ఇది రేపటిదాకా నా దగ్గర ఉంచవచ్చా?" అని అడిగి పట్టుకెళ్ళిపోయారు. ఏ సంగతీ తేల్చలేదు. ఆ రోజంతా నేను కాలుకాలిన పిల్లిలా తిరిగాను. మామయ్య మాత్రం వరండాలోంచి బండి తోసుకుంటూ మామూలుగా వచ్చి, మామూలుగా సంతకం పెట్టి వెళ్ళాడు. భయం లేదా అంటే, "చెప్పాల్సింది చెప్పేశాను కదే, ఇంక భయం వాళ్ళది" అన్నాడు.

మంగళవారం పొద్దున నోటీసుబోర్డు దగ్గర జనం. తోటి స్ట్రెచర్లవాళ్ళు గుమిగూడి ముక్కున వేలేసుకుని చూస్తున్నారు. నేను తోసుకుంటూ వెళ్ళేసరికి మామయ్య అప్పటికే బోర్డు ముందున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం ఆయనకి అలవాటు, కాగితం మీద వేలు పెట్టి చదువుతున్నాడు. నడవలేని రోగులను, అత్యవసరం కానప్పుడు, వాన లేనప్పుడు, పెరటి దారిన ఎక్స్‌రే గదికి తీసుకురావాలి. తలుపుకి ఇకపై తాళం వేయరాదు. చెట్టు కింద మూడు నిమిషాలు ఆగాలి. ఇది స్ట్రెచర్ తోసేవారందరికీ వర్తిస్తుంది.

వెనకనుంచి ఎవరో "అయితే మనమంతా నత్తలమే ఇంక" అన్నారు. అందరూ నవ్వారు. ఎగతాళి లేని నవ్వు అది, నాకు తేడా తెలుసు.

మామయ్య నవ్వలేదు. ఆయన వేలు చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. నేను ఆయన భుజం మీంచి వంగి చదివాను. రోగి ఆగిన ఆ మూడు నిమిషాలు తోసేవారు కూడా కూర్చోవాలి. వారి కోసం చెట్టు కింద బల్ల వేయించడమైనది.

"ఏంటి మామయ్యా?"

"ముప్ఫై ఒక్క యేళ్ళే" అన్నాడు. "రమ్మన్నారు, పొమ్మన్నారు, నిలబడమన్నారు, తొందరగా నడవమన్నారు. కూర్చోమని ఎవరూ అనలేదే."

నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఈయన మా మామయ్య అని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా పెద్దగా, అందరికీ వినబడేలా, ఇంకోసారి చెప్పాను.